మూడో గడి

ఫిబ్రవరి 21 అని బోర్డు మీద రాయగానే అరవై పెన్నులు ఒక్కసారి కదులుతాయి. అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. ప్రకటించింది యునెస్కో. ప్రకటన 1999లో, పాటించడం 2000 నుంచి. అంతే. ఒక బిట్టు, ఒక మార్కు, తర్వాతి తేదీకి వెళ్లిపోతాం.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో జనరల్ నాలెడ్జ్ చెప్పడం నా పని. 1997లో గ్రూప్స్ రాద్దామని మిర్యాలగూడ నుంచి వచ్చాను. హాస్టల్లో నలుగురం ఒక గదిలో ఉండేవాళ్లం. ఉద్యోగం రాలేదు. నోట్సు బాగా రాస్తానని పేరొచ్చి, రెండేళ్లకు పాఠం కూడా చెప్పమన్నారు. అప్పటి నుంచి ఇక్కడే ఉండిపోయాను. ఇల్లు కొత్తపేటలో, పండ్ల మార్కెట్ వెనక గల్లీలో. ఆ మార్కెట్ 2021లోనే బాటసింగారం వెళ్లిపోయింది. అయినా ఆటో వాళ్లకు ఇప్పటికీ 'మార్కెట్ వెనక' అనే చెబుతాం, వాళ్లకు అర్థమవుతుంది కూడా.

గ్రూప్-2 అయినా, కానిస్టేబుల్ అయినా, డీఎస్సీ అయినా 'ముఖ్యమైన దినోత్సవాలు' అనే పాఠం తప్పదు. దానికోసం నా దగ్గర ఒక చార్టు ఉంది. రెండు గడులు. ఒకదాంట్లో తేదీ, ఒకదాంట్లో పేరు. పిల్లలు దాన్ని చైతన్యపురిలో జిరాక్స్ తీయించుకుని హాస్టల్ గోడకు అంటించుకుంటారు, పళ్లు తోముకుంటూ చదువుకుంటారు. ఎవరు ఎక్కడ తప్పు చేస్తారో నాకు ముందే తెలుసు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం అంటే సి.వి. రామన్ పుట్టినరోజనుకుంటారు. కాదు, ఆయన పుట్టింది నవంబరు 7న. 1928లో తాను కనిపెట్టిన సంగతిని లోకానికి చెప్పిన రోజు ఫిబ్రవరి 28. అక్టోబరు 21 పోలీసు అమరవీరుల దినం ఎందుకైందో కానిస్టేబుల్ బ్యాచ్ పిల్లలకే తెలియదు. 1959లో లద్దాఖ్‌లో హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. తెల్లవారుజామున సరూర్‌నగర్ స్టేడియంలో పరుగు తీసి, చెమట ఆరకుండానే క్లాసులో కూచున్న పిల్లలకు ఆ మాట చెబితే కాసేపు ఎవరూ కదలరు. వాళ్లు వేసుకోవాలనుకుంటున్న బట్టలు ఆ పదిమందివి కూడా.

ఇలాగే చెప్పుకుంటూ పోయేదాన్నేమో. 2013 రాకపోతే.

ఆ ఏడు ఫిబ్రవరి 21 గురువారం. పొద్దున బ్యాచ్‌కు ఆ రోజు బిట్టు ఆ రోజే కదా అని మాతృభాషా దినోత్సవం గురించి చెప్పాను. సాయంత్రం ఏడు ప్రాంతంలో రెండో అంతస్తులో క్లాసు నడుస్తోంది. మొదటి చప్పుడుకు ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకున్నాం. రెండోదానికి ఎవరూ ఏమీ అనుకోలేదు. అందరూ లేచి నిలబడ్డారు. కిటికీ అద్దాలు అదురుతూ చాలాసేపు ఆగలేదు. 107 బస్టాపు దగ్గర ఒకటి, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర ఒకటి. సైకిళ్ల మీద పెట్టి వదిలి వెళ్లిన బాంబులు. 18 మంది పోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. బస్సు కోసం నిలబడినవాళ్లు, మిర్చి బజ్జీ తినడానికి ఆగినవాళ్లు, చదువుకోడానికి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. ఈ రోడ్డుకు అది మొదటిసారి కూడా కాదు. 2002 నవంబరులో సాయిబాబా గుడి ముందు పేలింది, తేదీ 21. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలిన రోజున ఇక్కడి ఫుట్‌ఓవర్ బ్రిడ్జి దగ్గర పెట్టింది మాత్రం పేలకముందే దొరికింది.

మళ్లీ క్లాసు మొదలైనప్పుడు సగం కుర్చీలు ఖాళీ. తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని ఊళ్లకు తీసుకుపోయారు. ఉన్నవాళ్లలో చౌటుప్పల్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె, చార్టు ముందు పెట్టుకుని అడిగింది. "మేడమ్, వచ్చే యేడు గీ తారీఖు కింద ఏం రాస్కోవాలె?"

నాకు జవాబు తోచలేదు. ఆ అమ్మాయి అడిగింది పరీక్ష గురించి కాదు. ఒక తేదీ పక్కన ఏం రాయాలో ఎవరు తేలుస్తారు, అని అడిగింది. పద్నాలుగేళ్లు ఆ పాఠం చెప్పి, నేను ఒక్కసారి కూడా వేసుకోని ప్రశ్న అది.

ఆ వారమంతా చార్టు ముందు పెట్టుకుని, ఒక్కో తేదీ ఎలా పుట్టిందో వెతుక్కుంటూ కూచున్నాను. ఫిబ్రవరి 21తోనే మొదలుపెట్టాను. దేశం చీలాక పాకిస్తాన్ పాలకులు ఉర్దూ ఒక్కటే రాజభాష అన్నారు. తూర్పున ఉన్నవాళ్ల మాట బెంగాలీ. మొత్తం దేశంలో ఎక్కువమంది మాట కూడా అదే. 1952 ఫిబ్రవరి 21న ఢాకా విద్యార్థులు 144వ సెక్షన్‌ను ధిక్కరించి బయటికి వచ్చారు. పోలీసులు కాల్చారు. రఫీక్, బర్కత్, జబ్బార్, సలాం... ఇంకా కొందరు. రెండ్రోజులకు విద్యార్థులే రాత్రికి రాత్రి ఇటుకలు మోసుకొచ్చి ఒక స్తూపం కట్టారు. 26న పోలీసులు దాన్ని పడగొట్టేశారు. పడగొట్టినా, మరుసటి ఏడు నుంచి ఆ తేదీ వచ్చిందంటే జనం తెల్లవారకముందే చెప్పులు విడిచి, పూలు పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. యునెస్కో అప్పటికి దాని జోలికే రాలేదు. 47 ఏళ్లు వాళ్లంతట వాళ్లే నడిచారు.

1998లో కెనడాలోని వాంకూవర్‌లో స్థిరపడిన ఒక బెంగాలీ, ఈ రోజును ప్రపంచమంతా మాతృభాషల కోసం పాటించాలని ఐక్యరాజ్యసమితికి ఉత్తరం రాశాడు. ఆయన పేరు రఫీకుల్ ఇస్లాం. ఆ పనిలో ఆయనకు తోడు నిలిచినాయన అబ్దుస్ సలాం. 1952లో పడిపోయినవాళ్లలోనూ ఒక రఫీక్, ఒక సలాం ఉన్నారు. మనుషులు వేరు, పేర్లు అవే. వ్యక్తులు అడిగితే కుదరదు, ఒక దేశం అడగాలన్నారు. బంగ్లాదేశ్ ప్రభుత్వం అడిగింది. 1999 నవంబరు 17న యునెస్కో సరే అంది.

అంటే నా చార్టులో ఉన్న 1999 అన్నింటికన్నా చివర వచ్చిన సంగతి. నేను పిల్లలకు తోకను చూపించి ఏనుగు అని చెబుతున్నాను.

ఆ రాత్రి స్కేలు పెట్టి చార్టులో ఇంకో గీత గీశాను. మూడో గడి. దాని పైన 'మొదట అడిగిందెవరు' అని రాశాను.

ఆ గడి నింపడం మొదలుపెట్టాక తేదీల మొహాలే మారిపోయాయి. మార్చి 8ని ఐక్యరాజ్యసమితి పాటించడం మొదలైంది 1975లో. అడిగిందేమో 1910లో, కోపెన్‌హాగన్ సభలో క్లారా జెట్కిన్. మే 1 చికాగో కార్మికులది, 1886 నాటిది. మన దేశంలో మొదటిసారి మే డే జెండా ఎగిరింది 1923లో మద్రాసులో, సింగారవేలు చెట్టియార్ చేతుల మీదుగా. కొన్ని గడుల్లో మనుషులెవరూ దొరకలేదు, ప్రభుత్వమే తలచుకుని పెట్టింది. జనవరి 25 ఓటర్ల దినం అలాంటిదే. 1950లో ఎన్నికల సంఘం ఏర్పడిన రోజు కాబట్టి 2011 నుంచి పాటించమన్నారు. వాటిని తక్కువ చేయను. ఓటు రాయించుకోమని ఏడాదికోసారి గుర్తుచేయడం మంచిదే. కానీ ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో నిలబడి చూస్తే తేడా తెలుస్తుంది. పైనుంచి దిగివచ్చిన రోజున బ్యానర్ ఉంటుంది, కిందనుంచి లేచిన రోజున జనం ఉంటారు.

మా భాష రోజుల సంగతి చెప్పాలి, ఎందుకంటే మా క్లాసులో ఏటా దీని మీద వాదన జరుగుతుంది. ఈ రోడ్డు విజయవాడ రోడ్డు. నల్లగొండ, సూర్యాపేట పిల్లలు ఎంతమందో, గుంటూరు, కృష్ణా పిల్లలూ ఒకప్పుడు అంతమంది ఉండేవాళ్లు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, 1863లో గిడుగు రామమూర్తి పుట్టిన రోజు. సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం, 1914లో కాళోజీ నారాయణరావు పుట్టిన రోజు. రెండింటికీ మధ్య తేడా పదకొండు రోజులే. ఏది అసలుది మేడమ్ అని అడుగుతారు. బెంచీ ఇటువైపు వాళ్లు ఒక మాట, అటువైపు వాళ్లు ఒక మాట.

మూడో గడి నింపేటప్పుడు నాకు అర్థమైంది ఇది. గిడుగు పోరాడింది పుస్తకాల్లోని బిగదీసిన గ్రాంథికంతో. నోటితో మాట్లాడే తెలుగులోనే పిల్లలకు పాఠాలు రాయాలన్నాడు. అంతకుముందే పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటలోనే బడి పెట్టించాడు. కాళోజీ పోరాడింది, ఆ గెలిచిన వాడుక భాష కూడా రెండు మూడు జిల్లాల వాడుకే అయి కూచుంటే. మా ఊళ్ల మాటకు ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు. ఒకాయన ఆపిన చోట ఇంకొకాయన అందుకున్నాడు. ఇద్దరూ అడిగింది ఒకటే, మాట్లాడేవాడి నోటికి మర్యాద. కాళోజీ శతజయంతి ఏడు, తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడు ఒకటే కావడంతో 2014లోనే ఆ రోజును ప్రకటించారు. నేను కూడా మొదటి రోజుల్లో 'వస్తది, పోతది' అన్న పిల్లల్ని దిద్దేదాన్ని. మిర్యాలగూడలో మా ఇంట్లో అమ్మ మాట్లాడే మాటే అది. హాస్టల్లో నా మాటకు నవ్వినవాళ్ల భయంతో నేను దాచుకున్నాను, దాచుకున్నదాన్ని పిల్లల నోట్లో కూడా మూయించబోయాను. చాలా ఏళ్లు ఆ తప్పు చేశాను.

ఇక సెప్టెంబరు 17. ఒక మాక్ టెస్టులో నేనే ఒక బిట్టు పెట్టాను. సెప్టెంబరు 17 ఏ దినోత్సవం? ఆప్షన్లు: విమోచన, విలీన, జాతీయ సమైక్యతా, ప్రజాపాలన. పేపర్లు దిద్దబోతే తెలిసింది, నాలుగూ రైటే. ఎవరు అడుగుతున్నారన్న దాన్ని బట్టి. ఆ ప్రశ్న కొట్టేసి అందరికీ మార్కు కలిపాను.

జరిగింది మాత్రం ఒక్కటే. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి కదిలింది. 17న మీర్ ఉస్మాన్ అలీఖాన్ పోరు ఆపుతున్నట్టు రేడియోలో చెప్పాడు. మరుసటి రోజు ఆయన సేనాధిపతి ఎల్ ఇద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు. సంస్థానం మూడు ముక్కలై మూడు రాష్ట్రాల్లోకి పోయాక ఆ ఒక్క రోజుకే ఎన్నో పేర్లొచ్చాయి. మహారాష్ట్రలో అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. కర్ణాటకలో కళ్యాణ కర్ణాటక ఉత్సవం. ఇక్కడ మాత్రం దశాబ్దాల పాటు ప్రభుత్వం తరఫున జెండానే లేదు. 2022లో ఒకే పొద్దున రెండు సభలు జరిగాయి. పరేడ్ గ్రౌండ్‌లో కేంద్రం 'హైదరాబాద్ విమోచన దినోత్సవం' జరిపితే, పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం 'తెలంగాణ జాతీయ సమైక్యతా దినోత్సవం' జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో అది 'ప్రజాపాలన దినోత్సవం' అయింది. విద్రోహ దినం అనేవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే మా జిల్లాలో రైతుల సాయుధ పోరాటం ఆ రోజుతో ఆగలేదు, 1951 అక్టోబరు దాకా సాగింది. నిజాం పోయాక వచ్చిన సైన్యం వాళ్ల మీదికే తిరిగింది. ఇంకో పక్క, సైన్యం వచ్చాక పల్లెల్లో ముస్లింల మీద జరిగిన హత్యల గురించి పండిత్ సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదిక ఉంది. ఒకరికి విడుదలైన రోజు ఇంకొకరికి ఇంట్లో శవం లేచిన రోజు. అలాంటి తేదీకి ఒక్క పేరు పెట్టడం ఎవరి తరం?

మా నాయనమ్మ ఈ పేర్లు ఏవీ అనేది కాదు. 'పోలీస్ యాక్షన్ అయిన యేడు' అనేది. తేదీ ఆమెకు తెలియదు. ఆమె తమ్ముడు రజాకార్ల కాలంలో ఒక రాత్రి ఊరొదిలి పోయాడు, మళ్లీ రాలేదు. ఎవరు చంపారో, ఏ రోజు చంపారో, అసలు చంపారో లేదో కూడా తెలియదు. తిథి తెలియని వాడికి తద్దినం ఎట్లా పెడతారు?

తద్దినం అన్న మాటను ఒకసారి విప్పి చూడండి. తత్ అంటే ఆ, దినం అంటే రోజు. ఆ రోజు, అంతే. ఏ రోజో చెప్పక్కర్లేదు, ఆ ఇంటివాళ్లకు తెలుసు. జయంతి, వర్ధంతి అని మనం ఇంగ్లిషు తేదీకి జరుపుకునేవన్నీ తర్వాత వచ్చినవి. కాగితం మీద పెట్టుకోడానికి, సెలవు ఇవ్వడానికి, ఉత్తర్వు తీయడానికి తేదీ వీలు. ఇంట్లో మాత్రం నిన్న మొన్నటిదాకా లెక్క తిథిదే. అమావాస్య, పున్నమి, ఏకాదశి. ఆ తిథి కూడా తెలియని వాళ్ల కోసం మా వైపు పెత్రమాస ఉంది. భాద్రపద అమావాస్య. పెద్దల అమావాస్య. ఆ రోజు పోయినవాళ్లందరి పేరు మీదా అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. నాయనమ్మ మా తాత పేరు చెప్పి, అత్తమామల పేర్లు చెప్పి, చివర తమ్ముడి పేరు చెప్పేది. చేటలో బియ్యం ఇంకో దోసెడు పోసేది. ఆ దోసెడు పోసేటప్పుడు ఆమె చెయ్యి మెల్లగా వంగడం నాకు ఇప్పటికీ కళ్ల ముందు కనపడుతుంది. ఒక్క గింజ కింద పడనిచ్చేది కాదు.

సాయంత్రానికి అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున చచ్చిపోయినవాళ్లకు బియ్యం ఇచ్చిన చేతులే సాయంత్రం గునుగు, తంగేడు పేరుస్తాయి. కొత్తపేట మెయిన్ రోడ్డు పక్కన ఆ రోజు పల్లెల నుంచి ఆడవాళ్లు మూటలు దించి గునుగు కట్టలు అమ్ముతారు. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగ చేశారు. 2025లో మా సరూర్‌నగర్ స్టేడియంలోనే 60 అడుగులు దాటిన బతుకమ్మను పేర్చి గిన్నిస్ రికార్డు కొట్టారు. నేనూ వెళ్లి చూశాను, తలెత్తితే మెడ నొప్పి పుట్టింది, సంతోషంగానే ఉంది. కానీ నా మూడో గడిలో బతుకమ్మకు ఎవరి పేరూ రాయలేకపోయాను. ఎవరు అడిగారని రాయాలి? మొదటి గునుగు కట్ట తెంపిన ఆడమనిషి పేరు ఎవరు రాసిపెట్టారు?

అడిగినవాళ్లు బలంగా అడిగినా, తర్వాత ఎవరూ పట్టించుకోని రోజులూ ఉన్నాయి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే మొదట వచ్చేది మా కొత్తపేట స్టేషన్. దాని పేరు విక్టోరియా మెమోరియల్. 2018 సెప్టెంబరు 24న ఈ లైను తెరిచిన నాటి నుంచి మూడు భాషల్లో రోజుకు ఎన్నిసార్లు ఆ పేరు వినపడుతుందో. 1901లో విక్టోరియా రాణి పోయాక, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆమె పేరున సరూర్‌నగర్‌లో అనాథ పిల్లలకు ఆశ్రమం పెట్టించాడు. ఆ విక్టోరియా మెమోరియల్ హోమ్ పేరే స్టేషన్‌కూ వచ్చింది. ఆమె పుట్టిన మే 24ను బ్రిటిష్ సామ్రాజ్యమంతా 'ఎంపైర్ డే'గా జరిపేవారు. బడి పిల్లల్ని వరుసల్లో నిలబెట్టి జెండాకు సలాం చేయించేవారు. ఇప్పుడు మే 24 అంటే మా క్లాసులో ఒక్కరికీ తెలియదు. తెలియకపోవడమే న్యాయం. రోజు పోయింది. అనాథ పిల్లలకు అన్నం పెట్టిన ఇల్లు మిగిలింది. ఆ మిగిలినదే నాకు విలువైనదిగా తోస్తుంది.

ఎల్బీ అంటే ఏమిటని ప్రతి కొత్త బ్యాచ్‌నూ అడుగుతాను. ఎల్బీనగర్‌లోనే అద్దెకుంటూ చెప్పలేనివాళ్లు సగం మంది. లాల్ బహదూర్. అక్టోబరు 2 పక్కన గాంధీ జయంతి అని రాస్తారు, 2007 నుంచి అంతర్జాతీయ అహింసా దినం అని కూడా రాస్తారు, అదే రోజు పుట్టిన శాస్త్రి మాత్రం జారిపోతాడు. ఆయన పేరు మీద ఒక మున్సిపాలిటీ ఉండేది. 2007లో గ్రేటర్‌లో కలిసిపోయింది. రెండక్షరాలు మిగిలాయి.

ఆ రెండక్షరాల చౌరస్తాలోనే శ్రీకాంతాచారి విగ్రహం ఉంది.

2009 నవంబరు 29. ప్రత్యేక తెలంగాణ కోసం ఆమరణ దీక్షకు బయల్దేరిన కేసీఆర్‌ను కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు చేశారు. ఆ రోజే ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి తన ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. మోత్కూరు దగ్గర పొడిచేడు వాళ్ల ఊరు. ఫిజియోథెరపీ చదువుతున్నాడు. డిసెంబరు 3న ప్రాణం పోయింది. 9వ తేదీ రాత్రి ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చింది. నవంబరు 29ని దీక్షా దివస్ అని కేసీఆర్ పార్టీ జరుపుతుంది. డిసెంబరు 3న మాత్రం పార్టీలతో పని లేకుండా జనం వచ్చి ఆ విగ్రహానికి దండలేస్తారు. 2023 మార్చిలో ఆ చౌరస్తాకు ఆయన పేరే పెడుతున్నామని ప్రభుత్వం చెప్పింది. బస్సుల మీద, ఆటోల నోట ఇంకా ఎల్బీనగరే.

నా చార్టులో డిసెంబరు 3 పక్కన ముందు నుంచీ ఒక పేరుంది. అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం, 1992 నుంచి ఐక్యరాజ్యసమితి పాటిస్తున్నది. నడవలేని మనుషుల్ని మళ్లీ నడిపించే చదువు చదివిన అబ్బాయి ఆ తేదీనే పోయాడు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన రాసినప్పుడల్లా చాక్‌పీస్ ఆగిపోతుంది. పిల్లలకు అప్పుడు ఒక మాట తప్పకుండా చెబుతాను. ఏ రోజు కోసమైనా, ఏ రాష్ట్రం కోసమైనా, ఏ ఉద్యోగం కోసమైనా ఆ దారి మీరు పట్టొద్దు. ఆయన బతికి ఉంటే ఈపాటికి ఎందరి కాళ్లు నిలబెట్టేవాడో లెక్కేసుకోండి. నోటిఫికేషన్ వాయిదా పడిందనో, ఒక్క మార్కుతో పోయిందనో గదిలో తలుపేసుకునే వయసు పిల్లలు వీళ్లు. వాళ్ల తల్లులు ఊళ్లలో ఫోన్ ముందు పెట్టుకుని కూచుని ఉంటారు.

ఒక డిసెంబరు 3 తెల్లవారుజామున ఆ చౌరస్తాలో బస్సు దిగాను. విగ్రహం కింద ఒక మనిషి బకెట్టు, గుడ్డ పెట్టుకుని దుమ్ము కడుగుతున్నాడు. నిచ్చెన ఎక్కి ముందు మొహం, తర్వాత భుజాలు, ఆఖర్న పాదాలు. పాత దండ దారం మెడ దగ్గర చుట్టుకుపోయి ఉంటే పళ్లతో కొరికి తెంపాడు. బంతిపూలు ఎండి నల్లబడిన దారం అది. మున్సిపాలిటీ వాళ్లా అని అడిగితే కాదన్నాడు. పని ఇక్కడే, పక్క షాపులో, పొద్దునే దండలేయడానికి వస్తరు గదా అన్నాడు. మళ్లీ గుడ్డ పిండుకోడానికి వంగాడు. ఇంటికొచ్చి మూడో గడిలో డిసెంబరు 3 పక్కన ఉన్నదాని కింద 'కడిగినాయన' అని ఇంకో ముక్క రాసుకున్నాను. రోజును అడిగినవాళ్లే కాదు, ఏటా ఆ దుమ్ము దులిపేవాళ్లు కూడా ఆ రోజుకు సొంతవాళ్లే.

దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఎన్ఐఏ కోర్టు 2016 డిసెంబరులో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ వార్త వచ్చిన రోజు కరెంట్ అఫైర్స్‌లో బిట్టుగా చెప్పాను. చెప్పాల్సిందే కదా. బస్టాపు దగ్గర ఇప్పటికీ ఫిబ్రవరి 21 సాయంత్రం కొందరు వచ్చి పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వెళ్తారు. మెట్రో పిల్లర్ల కింద గాలి ఎక్కువ. ఒక చెయ్యి అడ్డం పెట్టి వెలిగించాలి.

ఆ సాయంత్రం నా క్లాసు ఏడున్నరకు మొదలవుతుంది, ఏడుకు కాదు. బోర్డు మీద ఫిబ్రవరి 21 కింద రెండు వరుసలు రాస్తాను. మొదటి వరుసలో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం, మూడో గడిలో ఢాకా విద్యార్థులు. రెండో వరుసలో దిల్‌సుఖ్‌నగర్, 2013 అని రాసి మూడో గడి ఖాళీగా వదిలేస్తాను. పరీక్షలో వస్తదా మేడమ్ అని ఎవరో ఒకరు అడుగుతారు. రాదు అంటాను. అయినా రాసుకుంటారు. ఖాళీ గడిలో ఏం రాయాలో చెప్పను, వాళ్ల ఇష్టం. కొందరు 18 అని అంకె వేస్తారు. కొందరు అలాగే వదిలేస్తారు. మొన్నటి బ్యాచ్‌లో మోత్కూరు వైపు నుంచి వచ్చిన అబ్బాయి నోట్సు దిద్దుతుంటే కనపడింది. ఆ గడిలో ఇలా రాశాడు: బస్సు కోసం నిలబడ్డోళ్లు.